ఎన్నిసార్లు క్షమించినా తరగని ‘ఖల్లివెల్లి’లు: గల్ఫ్‌లో వీసా గడువు దాటడానికి కారణం ఎవరు?

జగిత్యాల: వీసా గడువు తీరిపోయినా స్వదేశానికి తిరిగి రాలేక, పోలీసుల కంట పడకుండా గల్ఫ్ దేశాల్లో పని చేసుకుంటున్న వారి సమస్య ఈ జిల్లా గ్రామాలకు కొత్తది కాదు. కోరుట్ల, మెట్‌పల్లి, రాయికల్, మల్లాపూర్, ఇబ్రహీంపట్నం ప్రాంతాల్లో దుబాయి, మస్కట్, సౌదీ, కువైట్ పేర్లు తెలియని ఇల్లు దాదాపు ఉండదు. 1973 తరువాత చమురు ధర పెరిగి గల్ఫ్‌లో నిర్మాణ పనులు ఊపందుకున్న నాటి నుంచి ఈ ప్రాంతపు కూలీలు అక్కడికి వెళుతూనే ఉన్నారు. వెళ్లినవారిలో ఎక్కువమంది సక్రమంగా పని చేసుకుని, అప్పు తీర్చి, ఇల్లు కట్టి తిరిగి వచ్చారు. కొందరు మాత్రం ఏళ్ల తరబడి రాలేకపోతున్నారు. వారి ఇళ్లలో భార్యలు బీడీలు చుట్టి సంసారాలు ఈడుస్తున్నారు.

యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ ప్రభుత్వం గడువు దాటిన వారికి 1996లో క్షమాభిక్ష ప్రకటించింది. ఆ తరువాత 2003, 2007, 2012, 2018, 2024 సంవత్సరాల్లోనూ ప్రకటించింది. కువైట్ 2018లో, 2020లో, 2024లో ఇదే పని చేసింది. సౌదీ అరేబియా 2013లోనూ, 2017లోనూ గడువులు ఇచ్చి వెళ్లిపొమ్మన్నది. ప్రతిసారీ వేలాది మంది జరిమానా లేకుండా ఇంటికి చేరుకున్నారు. మళ్లీ నాలుగైదేళ్లు తిరిగేసరికి క్షమాభిక్ష అవసరమైన వారు అంతమందీ తయారవుతున్నారు. ఇన్నిసార్లు జల్లెడ పట్టినా రాళ్లు మిగులుతూనే ఉన్నాయంటే తప్పు మనుషుల్లో మాత్రమే లేదనీ, పంపే పద్ధతిలోనూ, ఉంచుకునే పద్ధతిలోనూ ఉన్నదనీ అర్థం చేసుకోవలసి ఉంటుంది.

వీసా ఎవరి చేతిలో ఉన్నది?

‘ఖల్లివెల్లి’ అనేది అరబ్బులు మాటల మధ్య వాడే పదం. ‘పోనీ, వదిలెయ్’ అని దాని భావం. వీసా ఇచ్చిన యజమానిని వదిలి బయట పని చేసుకునేవాడికి మన కూలీలు ఈ పేరు పెట్టుకున్నారు. పేరు తేలికగా ఉన్నా, అది పడ్డ మనిషి బతుకు మాత్రం తేలికగా ఉండదు.

గల్ఫ్ దేశాల్లో పరదేశి కూలీ నివాసం ‘కఫాలా’ అనే పద్ధతి మీద నడుస్తుంది. ప్రతి కూలీకీ ఒక కఫీల్, అంటే పూచీదారు ఉండాలి. అది కంపెనీ కావచ్చు, ఇంటి యజమాని కావచ్చు. ఆ పూచీ మీదనే సౌదీలో అకామా అనీ, కువైట్‌లో బతాకా అనీ పిలిచే నివాస గుర్తింపు కార్డు వస్తుంది. దాన్ని పునరుద్ధరించవలసింది కఫీలే. చాలా సందర్భాల్లో కూలీ తనంతట తాను వెళ్లి డబ్బు కట్టి పొడిగించుకునే వీలు లేదు.

ఇక్కడే చిక్కు మొదలవుతున్నది. లారీ డ్రైవరు లైసెన్సును రెన్యూవల్ చేయించే అధికారం లారీ యజమాని చేతిలో పెట్టి, గడువు దాటితే జరిమానా మాత్రం డ్రైవరుకు వేసినట్టుగా ఉంటుంది ఈ వ్యవహారం. కఫీల్ సకాలంలో డబ్బు కట్టకపోయినా, కంపెనీ మూతపడినా, గడువు దాటిన నేరం కూలీ తల మీదనే పడుతున్నది. పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోవడం ఆ దేశాల చట్టాలు ఒప్పుకోని పని. అయినా ఈ అలవాటు పూర్తిగా పోలేదు. గడువు ఎప్పుడు తీరుతుందో చూసుకోవడానికి కూడా కాగితం చేతిలో లేని కూలీలు ఉన్నారు.

నాలుగు దారులు, ఒకటే గొయ్యి

సక్రమంగా విమానం ఎక్కిన మనిషి ఖల్లివెల్లిగా మారడానికి ప్రధానంగా నాలుగు దారులు కనిపిస్తున్నాయి.

మొదటిది విజిట్ వీసా. ఇది బంధువులను చూడడానికి, దేశం తిరగడానికి ఇచ్చే వీసా. దుబాయికి సాధారణంగా 30 రోజులు లేదా 60 రోజులు ఇస్తారు. దీని మీద పని చేయడం నేరం. కానీ సబ్ ఏజెంట్లు దీన్నే పని వీసా అని నమ్మించి, ‘అక్కడికి వెళ్లాక కంపెనీ వీసాగా మార్పిస్తాం’ అని చెప్పి పంపుతున్నారు. కంపెనీ దొరికితే సరి. దొరకకపోతే రెండు నెలలు తిరిగేసరికి అతడు చట్టం దృష్టిలో దోషి అవుతాడు.

రెండవది ఆజాద్ వీసా. పేరుకు ఒక కఫీల్ ఉంటాడు, కానీ అతని దగ్గర పని ఉండదు. కూలీ బయట ఎక్కడైనా పని చేసుకుని, ఏటా కఫీల్‌కు కొంత సొమ్ము ముట్టజెప్పాలి. ఇలాంటి వీసా ఏ గల్ఫ్ దేశపు చట్టంలోనూ లేదు. వీసా ఇచ్చినవాడి దగ్గర కాక మరొకచోట పని చేయడమే తప్పు కనుక, ఆజాద్ వీసా మనిషి అకామా చెల్లుబాటులో ఉన్నప్పుడు కూడా పట్టుబడవచ్చు. సౌదీ ప్రభుత్వం పరదేశి కార్మికుల మీద వేసే నెలసరి రుసుమును 2018 నుంచి పెంచుకుంటూ పోయింది. 2020 నాటికి అది చాలా సంస్థలకు తలకు 700 నుంచి 800 రియాళ్లకు చేరింది. చట్టప్రకారం కట్టవలసింది యజమాని. కానీ ఆజాద్ వీసాలో ఆ భారం కూలీ మీదకే వచ్చింది. కట్టలేనివారి అకామాలు ఆగిపోయాయి.

మూడవది కంపెనీ దివాలా. 2016లో సౌదీలో నిర్మాణ రంగం దెబ్బతిని పెద్ద కంపెనీలు నెలల తరబడి జీతాలు ఇవ్వలేదు. ఆ ఏడాది జూలైలో 10 వేల మందికి పైగా భారతీయులు తిండికి ఇబ్బంది పడుతున్నారని అప్పటి విదేశాంగ మంత్రి సుష్మా స్వరాజ్ స్వయంగా ప్రకటించారు. భారత కాన్సులేట్ శిబిరాలకు బియ్యం, పప్పు పంపవలసి వచ్చింది. జీతం ఇవ్వని కంపెనీ అకామాలు మాత్రం ఎలా పునరుద్ధరిస్తుంది? ఆ కూలీలు ఎక్కడికీ పారిపోలేదు. కంపెనీ శిబిరంలోనే ఉంటూ గడువు దాటినవారయ్యారు.

నాలుగవది పారిపోవడం. చెప్పిన పని ఒకటి, చేయించే పని మరొకటి కావడం, జీతం తగ్గించడం, తిట్టడం, కొట్టడం వంటి కారణాలతో కూలీ బయటకు వస్తాడు. వెంటనే యజమాని ‘పరారయ్యాడు’ అని ఫిర్యాదు చేస్తాడు. సౌదీలో దీన్నే ‘హురూబ్’ అంటారు. ఈ ఫిర్యాదు పడిన తరువాత మామూలుగా ఇంటికి పోయే దారి కూడా మూసుకుపోతుంది. కువైట్‌లో ఇళ్లలో పని చేసే ఖాదిం వీసా వారిది, ముఖ్యంగా కడప, గోదావరి జిల్లాల నుంచి వెళ్లిన ఆడవారిది, తరచుగా ఇదే దారి.

ఈ నలుగురిలో తెలిసి చట్టాన్ని ధిక్కరించినవాడు ఎవరో వెతికితే దొరకడం కష్టం. ఒకడు మోసపోయాడు, ఒకడు దొంగ పద్ధతికి డబ్బు పోశాడు, ఒకడి కంపెనీ మునిగింది, ఒకరు దెబ్బలు తట్టుకోలేకపోయారు. చట్టం మాత్రం అందరినీ ఒకే గాటన కడుతున్నది.

జీతాన్ని మించిన జరిమానా

గడువు దాటినవారికి ఎమిరేట్స్‌లో జరిమానా రోజుకు 50 దిర్హాములు. నెలకు 1,500 దిర్హాములు. నిర్మాణ పనిలో సాధారణ కూలీ జీతం నెలకు వెయ్యి దిర్హాములు అనుకుంటే, అతను రేయింబవళ్లు కష్టపడి సంపాదించే దానికంటే అతని మీద పెరిగే జరిమానాయే ఎక్కువ. ఒక్క సంవత్సరం దాటితే అది 18,250 దిర్హాములు అవుతుంది. దిర్హాముకు 23 రూపాయల లెక్కన చూసుకున్నా నాలుగు లక్షల రూపాయల పైమాటే.

కువైట్‌లో చాలాకాలం రోజుకు 2 దీనార్లు, గరిష్ఠంగా 600 దీనార్లు జరిమానా ఉండేది. ఇంటి పనివారికి కనీస జీతం నెలకు 60 దీనార్లని కువైట్ 2016లో నిర్ణయించింది. అంటే రోజుకు 2 దీనార్ల లెక్కన నెల జరిమానా, నెల జీతం సమానం. 600 దీనార్లంటే పది నెలల జీతం. 2025 జనవరి 5 నుంచి కువైట్ కొత్త నివాస చట్టాన్ని అమలులోకి తెచ్చింది. విజిట్ వీసా మీద వెళ్లి ఉండిపోయినవారికి రోజుకు 10 దీనార్ల చొప్పున 2,000 దీనార్ల వరకు జరిమానా విధించే వీలు కల్పించింది.

ఈ లెక్కలు చూస్తే ఒక విషయం తేటతెల్లమవుతున్నది. మొదటి నెలలో బయటపడగలిగినవాడు కొద్ది నష్టంతో బయటపడతాడు. ఆరు నెలలు ఆగినవాడికి జరిమానా కొండలా పెరిగి, విమానాశ్రయం వైపు చూడడానికే భయం వేస్తుంది. ‘ఎలాగూ కట్టలేను, మరో రెండేళ్లు సంపాదించుకుంటాను’ అన్న ఆలోచన అక్కడి నుంచే పుడుతున్నది. జనాన్ని త్వరగా పంపించడానికి పెట్టిన జరిమానాయే వారిని కదలకుండా కట్టిపడేస్తున్నది. క్షమాభిక్షలు మళ్లీ మళ్లీ అవసరం కావడానికి ఇదొక కారణం.

క్షమించినా ఎందుకు రారు?

2024 సెప్టెంబరు 1న మొదలైన ఎమిరేట్స్ క్షమాభిక్షను రెండు నెలలకని ప్రకటించి, తరువాత డిసెంబరు 31 వరకు పొడిగించారు. ఇదివరకటి వాటికంటే ఇది ఉదారమైనదని చెప్పవచ్చు. జరిమానా లేదు. వెళ్లినవారు మళ్లీ రాకూడదన్న నిషేధం లేదు. కొత్త యజమాని దొరికితే అక్కడే ఉండి వీసా సరిచేసుకునే అవకాశం కూడా ఇచ్చారు. అయినా అర్హులందరూ ముందుకు రాలేదు. ఇంటికి పొమ్మని దారి తెరిచినా పోకపోవడం చూసేవారికి వింతగా ఉంటుంది. ఊళ్లోని అప్పు లెక్క చూస్తే అందులో వింత కనబడదు.

ఒక కూలీ లక్షన్నర రూపాయలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి వెళ్లాడనుకుందాం. నెలకు వడ్డీయే 3,000 రూపాయలు. వెయ్యి దిర్హాముల జీతంలో తిండికి 300 పోగా మిగిలేది సుమారు 16 వేల రూపాయలు. అందులో ఇంటి ఖర్చుకు 6 వేలు పంపి, మిగిలిన 10 వేలు అప్పుకే కడితే అసలు, వడ్డీ తీరడానికి దాదాపు ఏడాదిన్నర పడుతుంది. అది కూడా ఒక్క నెల జీతం ఆగకుండా, ఒక్కరోజు జ్వరం రాకుండా ఉంటేనే. రెండేళ్ల వీసాలో తన కోసం సంపాదించుకునేది చివరి ఆరు నెలలే.

ఇక విజిట్ వీసా మీద వెళ్లినవాడి పరిస్థితి వేరే చెప్పనవసరం లేదు. రెండు నెలలకే గడువు తీరిపోతుంది, లక్షన్నర అప్పు లక్షన్నరగానే ఉంటుంది. అక్కడి ప్రభుత్వం జరిమానా మాఫీ చేయగలదు గాని ఇక్కడి షావుకారు బాకీని మాఫీ చేయలేదు. పోలీసుకు దొరికితే జైలు, ఇంటికి వస్తే అప్పులవాళ్లు. ఈ రెండింటి మధ్య చాలామంది కనబడని జైలుకంటే కనబడే అప్పులవాడికే ఎక్కువ జంకుతున్నారు.

2020 ఏప్రిల్‌లో కువైట్ క్షమాభిక్ష ఇచ్చినప్పుడు మరో రకం ఇబ్బంది ఎదురైంది. పేర్లు నమోదు చేసుకున్నవారిని శిబిరాల్లోకి చేర్చారు. కరోనా లాక్‌డౌన్ వల్ల భారతదేశానికి విమానాలు నిలిచిపోవడంతో ఎందరో వారాల తరబడి ఆ శిబిరాల్లోనే గడపవలసి వచ్చింది. కాగితాలు సరిచేసుకున్నంత మాత్రాన ప్రయాణం ఖాయం కాదని ఆ సంవత్సరం తెలియజెప్పింది.

చాటుమాటు బతుకులో పోయేవి

గడువు దాటినవాడు పోగొట్టుకునేది స్వేచ్ఛ ఒక్కటే కాదు. కార్డు లేనిదే ప్రభుత్వ ఆసుపత్రిలో సరైన వైద్యం అందదు. బ్యాంకులోనూ, మనీ ఎక్స్ఛేంజిలోనూ తన పేర డబ్బు పంపలేడు. మరొకరి కార్డు మీద పంపాలి, లేదా హుండీ వాళ్లను నమ్ముకోవాలి. పని చేయించుకున్నవాడు కూలీ ఎగ్గొడితే ఫిర్యాదు చేయడానికి జంకుతాడు. ఫిర్యాదుకు పోయినవాడే ముందు పట్టుబడతాడు. ఈ సంగతి తెలిసిన మేస్త్రీలు సగం కూలీకే పని చేయించుకుంటున్నారు.

మరణం సంభవిస్తే కష్టం మరింత పెరుగుతుంది. శవాన్ని పంపే బాధ్యత మామూలుగా యజమానిది. యజమాని నుంచి పారిపోయినట్టు నమోదైన మనిషికి ఆ బాధ్యత తీసుకునేవారు ఉండరు. కాగితాలు సిద్ధం కావడానికి రోజులు వారాలవుతాయి. ఆ వారాలు ఇక్కడ ఇంటి ముందు టెంటు వేసుకుని ఎదురుచూసే కుటుంబానికి ఎలా గడుస్తాయో ఈ జిల్లా గ్రామాలకు చెప్పవలసిన పని లేదు.

దీనికి తోడు ఇటీవల దాక్కునే చోటు తగ్గిపోతున్నది. పూర్వం దేశం నుంచి పంపివేసినవారు పేరు మార్చి, మరో పాస్‌పోర్టు తీసుకుని తిరిగి వెళ్లిన రోజులు ఉన్నాయి. కంటిపాప, వేలిముద్రల పరీక్షలు విమానాశ్రయాల్లోకి వచ్చాక ఆ దారి మూతపడింది. కువైట్ తన నివాసులందరి వేలిముద్రలు, ముఖచిత్రాలు నమోదు చేయించింది. పర్మిట్ లేనివారిని పనిలో పెట్టుకున్న యజమానికి లక్ష నుంచి పది లక్షల దిర్హాముల దాకా జరిమానా వేస్తూ ఎమిరేట్స్ 2024లో చట్టం సవరించింది. సౌదీ అధికారులు వారం వారం తనిఖీలు జరిపి వేలాది మందిని పట్టుకుంటున్నారు. ‘మా మామ పదేళ్లు ఖల్లివెల్లిగా ఉండి ఇల్లు కట్టాడు’ అన్న మాట నమ్మి ఈనాడు బయలుదేరేవాడు ఆ కాలం వెళ్లిపోయిందని గ్రహించాలి.

మారుతున్న చట్టాలు

కఫాలా పద్ధతి మీద అంతర్జాతీయంగా విమర్శలు రావడంతో కొన్ని దేశాలు సడలింపులు తెచ్చాయి. దేశం విడిచి వెళ్లడానికి యజమాని అనుమతి కావాలన్న నిబంధనను ఖతార్ 2018లో ఎక్కువమంది కార్మికులకు ఎత్తివేసింది. ఉద్యోగం మారడానికి పాత యజమాని ఒప్పుదల అక్కర్లేదని 2020లో ప్రకటించింది. సౌదీ 2021 మార్చి నుంచి ప్రైవేటు కంపెనీల కార్మికులకు యజమాని మారడంలోనూ, దేశం దాటడంలోనూ కొన్ని హక్కులు కల్పించింది. అయితే ఇళ్లలో పనిచేసేవారు, డ్రైవర్లు, గొర్రెలు, ఒంటెల కాపరులు వాటి పరిధిలోకి రాలేదు. మన ప్రాంతం నుంచి ఈ పనులకు వెళ్లేవారు తక్కువేమీ కాదన్నది గమనార్హం.

మార్పులన్నీ ఒకే దిశలో లేవు. కువైట్‌లో కంపెనీ వీసా మీద ఉన్నవారు దేశం దాటాలంటే ముందుగా యజమాని ఆమోదంతో ఎగ్జిట్ పర్మిట్ తీసుకోవాలని 2025 జూలై 1 నుంచి కొత్తగా నిబంధన పెట్టారు. కనుక ఎవరో ఎప్పుడో చెప్పిన కబురు మీద ఆధారపడడం ప్రమాదకరం. ఒక దేశపు రూలు మరో దేశంలో చెల్లదు. నిరుడు ఉన్న రూలు ఈ ఏడు ఉంటుందన్న నమ్మకమూ లేదు.

మన చట్టం ఏమంటున్నది?

విదేశాలకు కూలీలను పంపే వ్యవహారాన్ని అదుపు చేయడానికి పార్లమెంటు 1983లో ఎమిగ్రేషన్ చట్టం చేసింది. పదో తరగతి పాస్ కానివారి పాస్‌పోర్టును ఇ.సి.ఆర్. పాస్‌పోర్టు అంటారు. గల్ఫ్ దేశాలతో సహా 18 దేశాలకు పనికోసం వెళ్లేటప్పుడు వీరు ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ నుంచి క్లియరెన్సు పొందాలి. ఈ కార్యాలయం హైదరాబాద్‌లో ఉన్నది. క్లియరెన్సు ఇచ్చే ముందు యజమాని ఎవరు, జీతం ఎంత, ఒప్పందం ఎన్నేళ్లు అన్నవి నమోదవుతాయి. దానితోపాటే ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద 10 లక్షల రూపాయల ప్రమాద బీమా చేయించుకోవాలి. రెండేళ్లకు ప్రీమియం 275 రూపాయలు, మూడేళ్లకు 375 రూపాయలు.

విజిట్ వీసాకు ఈ క్లియరెన్సు అక్కర్లేదు. అందుకే ఏజెంట్లకు అది ముద్దు. ఆ దారిన వెళ్లినవాడి పేరు ఏ రికార్డులోనూ ఉండదు. యజమాని పేరు ఉండదు, ఒప్పందం ఉండదు, బీమా ఉండదు. అంటే అతను అక్కడ గడువు దాటకముందే, ఇక్కడ విమానం ఎక్కినప్పుడే సగం ఖల్లివెల్లి అయిపోయాడని చెప్పాలి.

కేంద్ర ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉన్న ఏజెంటు తన సేవకు 30 వేల రూపాయలు, దాని మీద పన్ను మాత్రమే తీసుకోవాలి. ఊళ్లలో తిరిగే సబ్ ఏజెంట్లకు రిజిస్ట్రేషన్ ఉండదు. లక్ష, లక్షన్నర పుచ్చుకునేది వీరే. రసీదు ఇవ్వరు కనుక తరువాత కేసు పెట్టినా రుజువు కావడం కష్టమవుతున్నది. 30 ఏళ్లలోపు ఆడవారికి ఇ.సి.ఆర్. పాస్‌పోర్టు మీద ఈ దేశాలకు పనికి వెళ్లే అనుమతి లేదు. ఆపై వయసువారిని కూడా ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలని 2016లో నిబంధన తెచ్చారు. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓమ్‌క్యాప్ అటువంటి సంస్థలు. ఈ నిబంధన ఆడవారి రక్షణకు ఉద్దేశించినదే అయినా, విజిట్ వీసా దారి తెరిచి ఉన్నంతకాలం దాన్ని తప్పించుకోవడం ఏజెంటుకు పెద్ద పని కాదు.

1983 నాటి చట్టం పాతబడిందని, దాని స్థానంలో కొత్తది రావాలని చాలాకాలంగా కోరుతున్నారు. 2025లో కేంద్రం ఒక ముసాయిదా బిల్లును ప్రజాభిప్రాయం కోసం విడుదల చేసింది. కొత్త చట్టం ఏది వచ్చినా, విజిట్ వీసా మీద కూలీలను తరలించే సబ్ ఏజెంటును పట్టుకోగలిగితేనే ఈ జిల్లాకు మేలు.

చిక్కులో ఉన్నవారికి దారులు

వీసా చెల్లుబాటులో ఉండి జీతం రానివారు పారిపోవడానికి ముందే అక్కడి లేబర్ ఆఫీసులో ఫిర్యాదు చేయడం అన్నిటికంటే ముఖ్యం. ఎమిరేట్స్‌లో జీతాలు బ్యాంకు ద్వారా చెల్లించాలన్న పద్ధతి 2009 నుంచి ఉన్నది గనుక జీతం ఆగినట్టు రుజువు సులభం. ఫిర్యాదు ఇచ్చినవాడు హక్కుదారుగా నిలబడతాడు. పారిపోయినవాడు నేరస్థుడుగా నిలబడతాడు. కష్టం ఒకటే అయినా, లేబర్ ఆఫీసుకు ముందు వెళ్లింది ఎవరన్నదే అక్కడ లెక్క.

గడువు దాటిపోయినవారు పాస్‌పోర్టు లేకున్నా భారత రాయబార కార్యాలయానికి వెళ్లవచ్చు. వారు ఒక్క ప్రయాణానికి మాత్రం చెల్లే పత్రం ఇస్తారు. మన కూలీలు దాన్నే ఔట్‌పాస్ అంటారు. అయితే ఔట్‌పాస్ చేతికి వచ్చినంత మాత్రాన జరిమానా పోదు. దేశం దాటడానికి ఆ దేశపు అధికారుల అనుమతి వేరే ఉండాలి. చేతిలో చిల్లిగవ్వ లేనివారికి టిక్కెట్టు ఇవ్వడానికి, చిన్న జరిమానాలు కట్టడానికి, శవాలను పంపడానికి 2009లో ఏర్పాటైన భారతీయ సమాజ సంక్షేమ నిధి ఉన్నది. రాయబార కార్యాలయాలు దీని నుంచి ఖర్చు చేయవచ్చు. ఇక్కడి కుటుంబాలు విదేశాంగ శాఖ ‘మదద్’ విభాగానికి ఫిర్యాదు పంపవచ్చు.

గల్ఫ్‌లో మరణించిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల రూపాయల సహాయం ఇవ్వాలని తెలంగాణ ప్రభుత్వం 2024లో ఉత్తర్వులు ఇచ్చింది. మంచి నిర్ణయమే. కానీ బతికి తిరిగివచ్చిన వాడి సంగతి ఏమిటన్నది మిగిలిన ప్రశ్న. క్షమాభిక్షలో ఖాళీ చేతులతో వచ్చినవాడికి ఇక్కడ పనీ, అప్పు తీర్చుకునే వెసులుబాటూ లేకపోతే, అతను ఏడాది తిరగకుండా మళ్లీ అదే సబ్ ఏజెంటు గడప తొక్కుతాడు. క్షమాభిక్ష ప్రయోజనం అక్కడితో సరి.

ఊళ్లలో చేయదగ్గది

ప్రభుత్వాలు చేయవలసినవి అలా ఉండగా, గ్రామాల్లోనే చేసుకోదగ్గ పనులు కొన్ని ఉన్నాయి. వీసా కాగితం చేతికి రాగానే అది విజిట్ వీసానా, పని వీసానా, గడువు ఎంత, యజమాని ఎవరన్నది చదువు వచ్చిన మనిషి చేత చదివించుకోవాలి. పాఠశాల ఉపాధ్యాయుడైనా, పంచాయతీ కార్యదర్శి అయినా ఈ సాయం చేయగలరు. పని వీసా అని చెప్పి విజిట్ వీసా చేతిలో పెడితే డబ్బు వాపసు అడగవలసిన సమయం అదే. విమానం ఎక్కాక అడిగి ప్రయోజనం లేదు.

పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం, బీమా కాగితాల నకళ్లు ఇంట్లో ఒక సంచిలో ఉంచాలి. అక్కడికి వెళ్లాక కార్డు రాగానే దాని నకలు, కంపెనీ పేరు, శిబిరం చిరునామా ఇంటికి పంపాలి. ఆపద వచ్చినప్పుడు ‘దుబాయిలో ఉన్నాడు, ఏ కంపెనీయో తెలియదు’ అన్న మాటతో కలెక్టరేటు మెట్లు ఎక్కే కుటుంబాలకు సహాయం చేయాలన్నా అధికారులకు దారి దొరకడం లేదు. ఏజెంటుకు ఇచ్చే ప్రతి రూపాయి బ్యాంకు ద్వారానే ఇవ్వాలి. బ్యాంకు వద్దనే ఏజెంటు ఎందుకు వద్దంటున్నాడో ఆలోచించాలి.

గల్ఫ్ బాట ఆగేది కాదు. ఈ నేల మీద పని చాలినంత దొరకనంత కాలం ఆగమని చెప్పే హక్కు ఎవరికీ లేదు. ఖల్లివెల్లి బతుకు మాత్రం చాలావరకు తప్పించుకోదగ్గది. గడువు దాటే నేరం ఎడారిలో బయటపడుతున్నా, దాని విత్తనం మాత్రం రసీదు లేకుండా ఊళ్లో చేతులు మారిన లక్షన్నరలోనే పడుతున్నది. మరో క్షమాభిక్ష ఎప్పుడు వస్తుందోనని ఎదురుచూడడం కంటే, ఆ డబ్బు చేతులు మారక ముందు వీసా కాగితాన్ని ఒకసారి వెలుగులో పెట్టి చదివించుకోవడం మేలు.